రేకుల ఇంటికి పదకొండు గుంజలు

గట్టయ్య ఎవరింటికి వెళ్లినా ముందు మనుషులను పలకరించడు. తలెత్తి పైకప్పు చూస్తాడు. దూలం చేతికందే ఎత్తులో ఉంటే వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గి విని, ఆ తరవాతే "అందరు మంచిగున్నరా?" అంటాడు. బెల్లంపల్లి బస్తీలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు గనక ఎవరూ ఏమీ అనుకోరు. కూతురికి సంబంధం చూడటానికి ఖానాపూర్ వెళ్లినప్పుడు కూడా అదే పని చేశాడు. అక్కడివాళ్లు అనుకున్నారు.

ఒక్క పెళ్లికొడుకు తల్లి సక్కుబాయి మాత్రం ఏమీ అనలేదు. ఒకసారి అతని వేలి వంక, ఒకసారి తన ఇంటి దూలం వంక చూసి ఊరుకుంది.

గట్టయ్యది తప్పని కూడా అనలేం. చేసే పని అలాంటిది. ఇరవై ఏళ్లుగా బొగ్గుబాయిలో టింబర్‌మన్. బొగ్గు తవ్వి తీసిన చోట పైనున్న బండ కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం అతని ఉద్యోగం. దిమ్మె పెట్టేముందు పొడుగాటి కర్రతో బండను తట్టి వినాలి. ఖంగుమంటే మంచిది. డొల్లగా దబ్‌మంటే పైన పగులున్నట్టు, అక్కడ నిలబడకూడదు. పనిలో చేరిన కొత్తలో ఒకసారి దబ్‌మన్న చోటనే నోరు తెరుచుకుని నిలబడితే, పాత టింబర్‌మన్ పోశం మెడపట్టుకుని వెనక్కి లాగేశాడు. గట్టయ్య నిలబడిన చోటే బండ పడింది. ఆ రోజు నుంచి లోకంలోని కప్పులన్నీ అతనికి ఆ బండలాగే కనబడతాయి. పాముకు భయపడడు, దయ్యానికి భయపడడు, అప్పులవాడికి కూడా పెద్దగా భయపడడు. తల మీదున్నది కింద పడుతుందేమోనని మాత్రం నిజంగా భయపడతాడు.

ఇంత భయస్తుడు కాపురం ఉంటున్నది గడ్డి గుడిసెలో. కంపెనీ క్వార్టరు కోసం పేరు రాయించి ఏళ్లయింది, అతని వంతు ఇంకా రాలేదు. గడ్డి నెత్తిన పడినా దెబ్బ తగలదు గనక గట్టయ్యకు అందులో సుఖంగానే నిద్ర పట్టేది. నిద్ర పట్టనిది భార్య ఎల్లక్కకు. ఎండాకాలంలో బస్తీలో ఎవరి పొయ్యిలో నిప్పురవ్వ లేచినా గుండె దడ, వానాకాలంలో ఇంటినిండా గిన్నెలు పెట్టుకుని కారే నీళ్లు పట్టడం. అయినా ఏదో నెట్టుకొస్తోంది. అరవై రెండో సంవత్సరం చలి తగ్గే రోజుల్లో ఖానాపూర్ నుంచి కబురు వచ్చాక మాత్రం ఆమెకు గుడిసె మీద కోపం తన్నుకొచ్చింది. ఒక్కగానొక్క కూతురు గంగు నీళ్లు పోసుకుందట.

మొగుడూ పెళ్లాలు సకినాల మూట కట్టుకుని, మంచిర్యాల మీదుగా బస్సులు మారి, ఖానాపూర్ వెళ్లారు. అల్లుడు భూమన్న ఎదురొచ్చి మూట అందుకున్నాడు. ఎడమ కనుబొమ్మ మీద పాత గాటున్న మనిషి, నవ్వితే ఆ గాటు కూడా నవ్వుతుంది. భోజనాలయ్యాక ఎల్లక్క మెల్లగా మాట కదిపింది, తొలి కాన్పుకు పిల్లను తీసుకుపోతామని.

సక్కుబాయి రెండెడ్ల సేద్యం చేయించే ఆడది. నానబెట్టి మాట్లాడటం ఆమెకు చేతకాదు.

"సూడు వదినె, పిల్లను పుట్టింటికి తోలద్దని నాకేం లేదు. గని గా గడ్డి గుడిసెలనా కాన్పు? పొద్దులు నిండేది శ్రావణంల. తల్లి మీద కారినా, పసిదాని మీద కారినా జవాబు ఎవలు చెప్తరు?"

"రేకులేపిస్తం వదినె!" ఎల్లక్క నోట్లోంచి ఆ మాట ఆమెకే తెలియకుండా వచ్చేసింది.

"రేకులా? ఎండ కొడ్తె పెనం మీద రొట్టె కాలినట్టు కాల్తరు మనుషులు. గా బందోబస్తు గూడ సూసుకోండ్రి. మిరుగుకు ముంగల నేనే వచ్చి సూస్త. సూసినంకనే పంపుడు."

అంటే మృగశిర కార్తె రాకముందే ఇల్లు తయారు కావాలి. తిరుగు ప్రయాణంలో బస్సు లక్షెట్టిపేట దాటాక ఎల్లక్క అంది, "తొలి కాన్పు గూడ అత్తగారింట్లనే అయితె ఇగ తల్లి ఉండి ఏం లాభం? నేను సచ్చిన్నని అనుకుంటది పిల్ల."

"గట్లెందుకు అనుకుంటది?" అన్నాడు గట్టయ్య.

"నేనయితె అనుకుంటుంటి." అని కిటికీ వైపు తిరిగి ముక్కు చీదింది. ఇల్లు కట్టాలని గట్టయ్య నిశ్చయించుకున్నది ఆ క్షణంలోనే.

మట్టిగోడలు వాళ్లిద్దరే లేపుకున్నారు. ముందొక గది, వెనక ఒక లోపలి అర్ర. బాలింత ఉండేది అర్రలో. ఇక పైకప్పుకు డబ్బు లెక్క చూడాలి. బోనసు, బర్రె పాల మీద ఎల్లక్క కూడబెట్టినవి కలిపితే నాలుగు వందల యాభై వచ్చాయి. ఎల్లక్కకు కాగితం లెక్క రాదు, వచ్చినవాళ్ల లెక్క మీద నమ్మకమూ లేదు. నలభై ఐదు చింతగింజలు తెచ్చి నేల మీద పోసింది. ఒక్కో గింజకు పది రూపాయలు. వాటిని కుప్పలు చేసింది. పెద్ద కుప్ప రేకులది, ఇరవై ఐదు గింజలు. దాని పక్కన కర్రది, ఎనిమిది. వడ్రంగికి కొంచెం, రేకులను వాసాలకు బిగించే కొక్కేలకు రెండు, కాన్పు ఖర్చుకు మూడు. వీటన్నిటికీ దూరంగా నాలుగు గింజలు పెట్టి వేలితో చుట్టూ గీత గీసింది.

"ఇవేంది?" అన్నాడు గట్టయ్య.

"సల్లదనానికి. రేకుల మీద ఇంత మందాన గడ్డి పరిపియ్యాలె, కింద తడకలు కట్టియ్యాలె. వదినె ఏమన్నదో ఇనలేదా? ఇవి ముట్టుకుంటె మంచిగుండది."

గోడలో గూడు చేసి, కుప్పలు కలవకుండా అందులో పెట్టి, ఆ నాలుగింటి చుట్టూ మళ్లీ గీత గీసింది. పైసలు మాత్రం ఒకే మట్టి గురిగిలో ఉన్నాయి. గురిగి ఇద్దరిదీ. అసలు తప్పు అక్కడే జరిగింది.

రేకుల కోసం మంచిర్యాలలో అంబదాస్ కొట్టుకు వెళ్లారు. ఆ కొట్టులో ఇనుము ఉన్నంత మర్యాద కూడా ఉంటుంది. అంబదాస్ కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, ఒక రేకును గోడకు ఆనించి నిలబెట్టాడు. మిసమిసలాడుతున్న ఆ రేకును చూసి ఎల్లక్క మురిసిపోయింది. గట్టయ్య దగ్గరికెళ్లి వేలితో తట్టాడు.

దబ్‌మంది.

ఇంకోదాన్ని తట్టాడు. అదీ దబ్‌మంది. కొట్టులో ఉన్న రేకులన్నిటినీ వరసగా తట్టుకుంటూ పోయాడు. అన్నీ దబ్‌దబ్‌మనేవే.

"ఏమన్న వెతుకుతున్నవా అన్నా?" అన్నాడు అంబదాస్.

"ఖంగుమనేది ఒక్కటి గూడ లేదా సేటు?"

"ఖంగుమనేది గావాలంటె గుడిల గంట కొనుక్కోవాలె. రేకు ఏడన్న రేకు లెక్కనే మోగుతది."

నిజానికి అంబదాస్ మాటతో ఈ గోల అక్కడితో అయిపోవాలి. కానీ బుద్ధికి తెలిసింది చెవికి తెలియదు కదా. ఇరవై ఏళ్లు ఆ చప్పుడు వింటే పరుగెత్తమని నేర్పిన చెవి అది. ఇప్పుడు అదే చప్పుడు చేసే వస్తువు పద్దెనిమిది ముక్కలు కొని, తెచ్చి, కూతురి తల మీద పెట్టబోతున్నాడు. బండి మీద రేకులు కట్టించుకుని వస్తున్నంతసేపూ దారి కుదుపులకు అవి వెనకనుంచి దబదబమంటూనే ఉన్నాయి. ఇంటికి చేరేసరికి గట్టయ్య ఒక నిర్ణయానికి వచ్చాడు. పైనున్నది మంచిది కానప్పుడు కింద దిమ్మెలన్నా గట్టివి ఉండాలి.

కట్టె డిపోలో నల్లమద్ది కొయ్య చూశాడు. చుట్టు కావలించుకుంటే చేతులు కలిసీ కలవనంత లావు. వడ్రంగి కొమురెల్లి అవి చూసి ఉలి కింద పెట్టాడు.

"గట్టన్నా, ఇవి ఇంటికా, వంతెనకా?"

"ఇంటికే."

"నాలుగు గుంజలు సాలు, సన్నయి. రేకు ఎంత బరువుంటదే? పిల్లగాడు గూడ ఎత్తుతడు."

"బరువు సంగతి నీకెర్కలేదు కొమురెల్లీ. పైనున్నది ఎప్పుడు ఎట్ల దిగుతదో ఎవలు జెప్పాలె?"

నాలుగు గుంజలు ఆరయ్యాయి. దూలం వేశాక దాని మధ్యలో వంగుతుందేమోనన్న అనుమానంతో ఏడోది వచ్చింది. మొదటి షిఫ్టు దిగి రాగానే గట్టయ్య కర్ర తీసుకుని, అప్పటికి పైన పరిచిన రేకులను తట్టి వినేవాడు. దబ్. మరునాడు ఎనిమిదో గుంజ. ఎల్లక్క నీళ్లకు పోయి వచ్చేసరికి గూట్లో గింజలు అటూ ఇటూ అయ్యేవి. చల్లదనం గింజల చుట్టూ ఆమె గీసిన గీత గీతలాగే ఉండేది, లోపల గింజలు మాత్రం తగ్గేవి. మూడు పోయి ఒక్కటి మిగిలిన రోజున ఆమె కాన్పు గింజలు మూడూ, గురిగిలోంచి వాటి ముప్పై రూపాయలూ తీసుకుని కొంగున ముడేసి, ముడిని బొడ్లో దోపుకుంది.

"నామీద నమ్మకం లేదా?" అన్నాడు గట్టయ్య నొచ్చుకుని.

"నీ మీద ఉన్నది. నీ దిమ్మెల మీదనే లేదు."

పదో గుంజ నిలబడేసరికి ముందు గదిలో మంచం తిప్పడానికి దారి లేకుండా పోయింది. పక్కింటివాళ్లు చూడటానికొచ్చి గుంజల మధ్య నుంచి ఒంగి, పక్కకు తిరిగి, మెలికలు పోతూ లోపలికి వెళ్లేవాళ్లు. బాయి పనివాళ్లు మాత్రం తలెత్తి చూసి, "మంచిగ పెట్టినవ్ అన్నా, దీని కింద నిద్ర పడ్తది" అని మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పుకు గట్టయ్య ఉబ్బిపోయేవాడు.

రేకులు బిగించే రోజు కొమురెల్లి కొక్కేలు అడిగాడు. గూట్లో కొక్కేల కుప్ప లేదు, అది తొమ్మిదో గుంజలో కలిసిపోయింది.

"మొలలు కొట్టు" అన్నాడు గట్టయ్య.

"ఉత్త మొలలు ఆగయే. గాలికి ఊడొస్తయి."

"కింద పది దిమ్మెలున్నయి. రేకు ఎటు పడ్తది?"

"పడ్తదని ఎవలన్నరు? లేస్తదంటున్న."

"లేస్తదా?" గట్టయ్య నిజంగానే నవ్వాడు. "ఏడన్న కప్పు పైకి లేస్తదా?"

అతని నవ్వులో కొంచెం కూడా ఎకసెక్కెం లేదు. భూమి కింద ఇరవై ఏళ్లలో కప్పు పైకి పోవడం అతను ఒక్కసారి కూడా చూడలేదు. కొమురెల్లి భుజాలెగరేసి మొలలే కొట్టి, కూలి తీసుకుని వెళ్లిపోయాడు.

నిండు వైశాఖం. రేకులు బిగించిన మరునాడు మధ్యాహ్నం ఎల్లక్క కొత్త ఇంట్లో పడుకుందామని చాప వేసింది. చేతిలో విసనకర్ర, పక్కన నీళ్ల చెంబు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి రేకులు టిక్కుటిక్కుమని సాగడం మొదలుపెట్టాయి. కాసేపటికి చెంబులో నీళ్లు స్నానానికి పనికొచ్చేటట్టు తయారయ్యాయి. బయట ఎండలో కట్టేసిన బర్రె తనకన్నా సుఖంగా ఉందని ఆమెకు అనిపించింది. షిఫ్టు దిగి వచ్చిన గట్టయ్యకు ఇంటి ముందు చెమటలు కక్కుతూ, నడుముకు కొంగు చుట్టి, గడ్డి మోపుల మధ్య నిలబడ్డ భార్య కనబడింది. మిగిలిన ఒక్క చల్లదనం గింజతో ఆమె గడ్డి కొనేసింది. ఇల్లంతటికీ రాదు గనక లోపలి అర్ర మీదికి మాత్రమే. ఆ గడ్డి జారకుండా పైన బండరాళ్లు, వాటి మీద తడిపిన గోనె సంచులు.

"రాళ్లా!" గట్టయ్య తలెత్తి అరిచాడు. "ఇంటి మీద రాళ్లు పెడ్తవా? పిల్ల పండుకునే అర్ర మీదనా?"

"పెడ్త. నువ్వు పెట్టిన దిమ్మెలకు ఏనుగెక్కినా ఏంగాదని బస్తంత జెప్పుతుండ్రు. ఏనుగు వద్దు, నాలుగు రాళ్లు మోయయా?"

దిమ్మెలు మోయవని అతను ఎలా అంటాడు? మోస్తాయని అంటే రాళ్లు పెట్టనివ్వాలి. చివరికి డిపోకు వెళ్లి ఇంకో గుంజ అరువు తెచ్చి అర్ర మధ్యలో, దూలం కింద నిలబెట్టాడు. అది పదకొండోది. ఆ సాయంత్రం ఇద్దరూ అర్రలోకి వెళ్లి కూర్చుంటే చల్లగా ఉంది. ఎల్లక్క గెలిచినట్టు చూసింది. గట్టయ్య దూలాన్ని తట్టి విని, అది ఖంగుమన్నందుకు తృప్తి పడ్డాడు. ఎవరి గెలుపు వాళ్లకుంది.

ఖానాపూర్ నుంచి మనిషి వచ్చి చెప్పిపోయాడు, లక్ష్మివారం సక్కుబాయి వస్తుందని. ఎల్లక్క ఇల్లంతా అలికి, గడపలకు పసుపు రాసి, గంగు కోసం కొత్త చాప కొన్నది. బుధవారం సాయంత్రం రోహిణి కార్తె తన సంగతి చూపించింది.

పొద్దుగూకడానికి ఇంకా టైమున్నా పడమట ఆకాశం నల్లగా అయింది. దుమ్ము లేచింది. కల్లు కాంపౌండు దగ్గర ఉన్న జనమంతా ముంతలు పట్టుకుని పరుగెత్తారు. ఎల్లక్క బర్రెను విప్పుకుని చూరు కిందికి లాక్కొస్తుంటే, గట్టయ్య అందరిలా బయటికి రాకుండా ఇంట్లోకి దూరాడు. ముందు గదిలో లావుపాటి గుంజను కావలించుకుని తలెత్తి పైకి చూశాడు. గుంజ కదలడం లేదు. దూలం కదలడం లేదు. అతనికి ధైర్యం వచ్చింది. 'పడదు' అనుకున్నాడు.

పడలేదు. పెద్ద గాలి ఒకటి తలుపులోంచి ఇంట్లోకి వచ్చి, బయటికి దారి లేక పైకి తన్నింది. మొలలు కిర్రుమన్నాయి. ఒక రేకు మూల లేచింది, పడింది, మళ్లీ లేచింది. ఆ తరవాత ముందు గది కప్పు, మొత్తం తొమ్మిది రేకులు, ఒకదాని వెనక ఒకటి తలుపులు తీసినట్టు తెరుచుకుని వెళ్లిపోయాయి. గట్టయ్య గుంజను కావలించుకునే ఉన్నాడు. అతని తల మీద ఆకాశం ఉంది. అందులోంచి మొదటి వాన చినుకు సూటిగా కంట్లో పడింది.

కప్పు పైకి పోయింది. ఎల్లక్క తడుస్తూ వచ్చి భుజం పట్టుకుని కుదిపేదాకా అతను తెరిచిన నోరు మూయలేదు.

"దెబ్బ తాకిందా?"

"లేసిందే!" అన్నాడు. "కొమురెల్లి చెప్పిండు. లేసింది."

గాలివాన వచ్చినంత తొందరగానే వెళ్లిపోయింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. పొద్దున్నే బస్తీ జనం ఒక్కొక్క రేకూ మోసుకుని వచ్చారు. ఒకటి కల్లు కాంపౌండు పందిరి మీద దొరికిందట. ఒకటి రైలు కట్ట అవతలి చింతచెట్టుకు వేలాడుతోందట. ఇంకోటి ఎవరి మేకల దొడ్డి మీదో చక్కగా కప్పుకుని ఉంటే, ఆ ఇంటాయన వానలయ్యాక ఇస్తే కుదురుతుందా అని అడిగి పంపాడు. తెచ్చినవాళ్లంతా ఒక మాట కూడా తెచ్చారు. "గట్టన్నా, నీ దిమ్మెలు మాత్రం అసలు కదల్లేదే!" అని ఒకడంటే తక్కినవాళ్లు మూతులు మూసుకుని నవ్వారు. గట్టయ్య తల దించుకున్నాడు. తలదించడం అలవాటు లేని మనిషికి అది కూడా కష్టంగానే ఉంది.

ఎల్లక్క తిట్టలేదు. అదే అతనికి భరించరానిదిగా ఉంది. నీళ్లు నిండిన ముందు గదిలో కూర్చుని, కొత్త చాపను పిండుతోంది. "వదినె వచ్చే టైమయింది" అంది మామూలుగా. కళ్లు మాత్రం ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

సక్కుబాయి మధ్యాహ్నం బస్సుకు దిగింది. వెంట భూమన్న. భారీ మనిషి, వడిగా నడిచి వచ్చి వాకిట్లో ఆగి, నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది. ఒక ఇల్లు, దానికి సగం కప్పు, మిగతా సగంలో ఆకాశం కింద ఏనుగు కాళ్లలాంటి గుంజలు. వాకిట్లో వంకరపోయిన రేకుల కుప్ప.

"ఇదేందన్నా?"

గట్టయ్య అబద్ధం చెప్పలేకపోయాడు. చెప్పినా ఆకాశం కనబడుతూనే ఉంది. "తప్పు నాదే అక్కా. కొక్కేలకు పెట్టుకున్న పైసలు దిమ్మెలకు పెట్టిన. సల్లదనం పైసలు గూడ దిమ్మెలకే పెట్టిన. ఆమె ఒద్దన్నది. నేనే ఇనలేదు."

"ఎందుకినలేదు?"

"భయం." ఆ మాట అతను పెళ్లాంతో కూడా ఎప్పుడూ అనలేదు. "బిడ్డ మీద పడ్తదని భయం. రేకును తడ్తె బాయిల కూలే బండ లెక్కనే మోగింది. పిల్ల దాని కింద పండుకుంటదంటె నాకు నిద్ర రాలే. దిమ్మె పెట్టిన నాడు జర నిద్రొచ్చేది. మల్ల తట్టి సూస్తె మల్ల గంతే. గాలికి లేస్తదని నా బుద్ధికి తోచనే లేదక్కా."

సక్కుబాయి గుంజల మధ్య నుంచి పక్కకు తిరిగి, మెలికలు పోతూ లోపలి అర్రలోకి వెళ్లింది. ఎల్లక్క, ఆమె వెనక గట్టయ్యా భూమన్నా వెళ్లారు. అర్ర పైన గడ్డి, గోనెసంచులు, రాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. రాళ్ల బరువుకు అక్కడి రేకు ఒక్కటి కూడా లేవలేదు. బయట మండుటెండ, లోపల కుండ దగ్గర కూర్చున్నట్టు చల్లగా ఉంది. సక్కుబాయి అరచేత్తో గోడ తడిమింది, మెడ మీద చెమట తుడుచుకుంది, పైకి చూసింది.

"వదినె, తాడున్నదా? గట్టిది."

ఎల్లక్క కంగారుగా బర్రె తాడు తెచ్చిచ్చింది. సక్కుబాయి దాన్ని దూలం మీదుగా వేసి, రెండు కొసలు కలిపి ముడేసి, చేతులకు చుట్టుకుని, అంత భారీ మనిషీ ఒక్కసారిగా కాళ్లు నేల మీంచి ఎత్తేసింది. అటు ఊగింది. ఇటు ఊగింది. గట్టయ్య అనుకోకుండా ముందుకు దూకి చెవి ఒగ్గాడు. దూలం కిర్రుమనలేదు. పదకొండో గుంజ పిసరంత కదల్లేదు.

ఆమె కిందికి దిగి ఆయాసం తీర్చుకుంది. ఆ తరవాత భూమన్నను దగ్గరికి పిలిచి, వాడి గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పింది.

"ఈ గాటు సూసినవా అన్నా? ఈనిని తొట్టెల్ల ఏసిన్నాడు పడ్డది. మా పాతింట్ల దూలం పుచ్చింది ఎవల్కి ఎర్క లేదు. సుట్టాలందరు పాటలు పాడవట్టిరి, నేను తాడు గుంజవట్టితి. గంతే. పిలగాడు, తొట్టెల, దూలం అన్ని కిందనే. జర పక్కకు పడితె కన్ను పోతుండె." ఆమె ఆ గాటును వేలితో తడిమింది. "గానాటి సంది నేను గూడ యాడికి వోయినా ముందు దూలమే సూస్త. నువ్వు మా ఇంట్ల యేలితోని తడ్తుంటె అందరు నవ్విండ్రు. నేను నవ్వలేదు."

గట్టయ్య ఆమె వంక చూశాడు. తన భయాన్ని తనలాగే మోసే మనిషి ఇంకొకరు ఈ లోకంలో ఉంటారని అతను ఎప్పుడూ అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"పిల్లను పంపుత" అంది సక్కుబాయి. "తొట్టెల గీ దూలానికే కట్టాలె. ముంగటి అర్ర సంగతేమో, రేకులు సాపు జేపిచ్చి కొక్కేలు పెట్టియ్యి. పైన రాళ్లు మా వదినె పెడ్తది, నువ్వు అడ్డం పోకు."

"పోను అక్కా."

"ఇంకో గుంజ పెట్టవు గదా?"

గట్టయ్య చూపు అప్పటికే దూలం మీదికి పోయింది. ఎల్లక్క ఫక్కున నవ్వింది. పొద్దుటి నుంచి బిగబట్టుకున్న ఏడుపు కూడా ఆ నవ్వులోనే వచ్చేసింది.

గంగు మిరుగు దాటగానే వచ్చింది. శ్రావణంలో, వాన కుండపోతగా కురుస్తున్న పగటిపూట, ఒక్క చుక్క కూడా కారని అర్రలో ఆడపిల్లను కన్నది. ఇరవై ఒకటో రోజున దూలానికి తొట్టెల కట్టారు. సక్కుబాయి ముందు తాడు పట్టుకుని ఊగి చూసి గాని పసిదాన్ని అందులో వేయనివ్వలేదు. ఆమె ఊగుతుంటే ఆ పక్కన గట్టయ్య చెవి ఒగ్గి నిలబడ్డాడు. చుట్టాలు నవ్వినా ఇద్దరూ పట్టించుకోలేదు.

పిల్ల మాత్రం ఏడుపుగొట్టుది. పాట పాడితే ఏడుస్తుంది, ఊపితే ఏడుస్తుంది. వాన పడి ముందు గది రేకులు మోగినప్పుడు తప్ప నిద్రపోదు. భాద్రపదంలో ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. పిల్ల కళ్లు తెరిచి రాగం అందుకుంది. గంగు ఊపి ఊపి అలసిపోయింది. ఎల్లక్క జోల పాడి గొంతు పోగొట్టుకుంది. అప్పుడే షిఫ్టు దిగి వచ్చిన గట్టయ్య అలవాటు కొద్దీ కర్ర తీసుకుని ముందు గదిలో రేకును తట్టాడు.

దబ్. దబ్.

లోపల ఏడుపు ఆగింది.

గట్టయ్య కర్ర దించాడు. ఏడుపు మొదలైంది. మళ్లీ ఎత్తి తట్టాడు. ఆగింది. అర్ర గడప దగ్గర ఎల్లక్క ప్రత్యక్షమై, నోటి మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో కానిమ్మన్నట్టు సైగ చేసింది.

"ఆపకయ్యా" అంది గుసగుసగా. "కండ్లు మూస్తుంది. కొట్టు."

గట్టయ్య కొట్టాడు. దబ్, దబ్, దబ్. ఆ చప్పుడు వింటే పరుగెత్తాలని కాళ్లకు ఇరవై ఏళ్ల అలవాటు. కానీ మనుమరాలు నిద్రపోయేదాకా అతను ఆ రేకు కిందనే నిలబడి ఉన్నాడు.